హాపర్ ట్రైలర్ పని: అసలు పరీక్ష బండి ఆగాకే

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కోరుట్ల దగ్గర. గ్రీన్‌కార్డు వచ్చాక ఇక్కడ నెబ్రాస్కాలో క్లాస్ ఎ సీడీఎల్, అంటే పెద్ద ట్రక్కులు తోలే లైసెన్సు తీసుకున్నాను. ఏడాదిగా డ్రై వ్యాన్ (మూసిన పెట్టె లాంటి ట్రైలర్) తోలుతున్నాను. డాక్‌కు వెనక్కి పెట్టడం, లోడు లాక్కుపోవడం తప్ప వేరే తెలియదు. మా ఇంటికి దగ్గర్లో నాలుగైదు బండ్లున్న ఒక చిన్న ఓనరు హాపర్ బాటమ్ ట్రైలర్ మీద మక్కలు, సోయా తోలే పని ఇస్తానంటున్నాడు. సెప్టెంబరులో కోతలు మొదలయ్యేసరికి రమ్మన్నాడు. రోజూ ఇంటికి రావచ్చని ఆశగా ఉంది. కానీ పొలంలోకి బండి దింపడం, ఓవర్‌వెయిట్, ఎలివేటర్ (గింజలు కొని నిల్వచేసే పెద్ద గోదాం) దగ్గర ఏం చేయాలో తెలియకపోవడం తలచుకుంటేనే టెన్షన్. మా ఆవిడేమో వద్దంటోంది. ఒక ఫ్రెండ్ మాత్రం ‘ట్రైలర్ నువ్వే కొనుక్కో, డబ్బులు బాగా మిగులుతాయి’ అంటున్నాడు. తమ్ముడిలా అనుకొని చెప్పండి.
(పేరు రాయవద్దన్న పాఠకుడు, నెబ్రాస్కా)

సమాధానం: తమ్ముడూ, పని ఒప్పుకో. ట్రైలర్ మాత్రం ఈ ఏడాది కొనకు. రెండింటికీ కారణాలు చెప్తాను. నువ్వు అడగనివి కూడా కొన్ని మధ్యలో వస్తాయి, ఓపిగ్గా చదువు.

ఏడాది వ్యాన్ తోలినవాడివి కాబట్టి రోడ్డు మీద సంగతులు నీకు కొత్తగా చెప్పాల్సింది తక్కువ. వ్యాన్‌లో లోడు ఎవరో ఎక్కిస్తారు, ఎవరో దింపుతారు. నువ్వు సీల్ నంబరు చూసుకొని క్యాబ్‌లో కునుకు తీస్తావు. గింజల పనిలో ఎంత పోయించుకోవాలి, ఎక్కడ పోయించుకోవాలి, ఎలా దింపాలి అన్నదంతా డ్రైవర్ చేతిలోనే ఉంటుంది. జరిమానాలూ, గొడవలూ, ప్రాణాల మీదికి వచ్చే తప్పులూ ఎక్కువగా జరిగేది బండి ఆగి ఉన్నప్పుడో, గంటకు ఐదు మైళ్ల వేగంతో పాకుతున్నప్పుడో. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

ఈ బండి ఎరగని పాఠకుల కోసం ఒక్క మాట. హాపర్ ట్రైలర్ అంటే నలభై అడుగుల పైచిలుకు పొడవుండే పెద్ద అల్యూమినియం తొట్టి. పైన టార్పాలిన్ చుట్ట ఉంటుంది, పక్కనున్న పొడవాటి హ్యాండిల్ తిప్పితే అది తెరుచుకుంటుంది. అడుగు చదునుగా ఉండదు. మన పిండిమరలో గింజలు పోసే గరాటు లాంటివి ముందొకటి, వెనకొకటి ఉంటాయి. ఒక్కోదాని కింద జరిగే తలుపు ఉంటుంది, దాన్ని ట్రాప్ అంటారు. హ్యాండిల్ తిప్పితే ట్రాప్ తెరుచుకొని గింజలు కిందనున్న పిట్‌లోకి, అంటే జాలీ కప్పిన గుంతలోకి జారతాయి. హమాలీలు అక్కర్లేదు, బస్తాలు అక్కర్లేదు. అంతా సవ్యంగా సాగితే పావుగంటలో బండి ఖాళీ.

ముందు నీ పెద్ద భయం, బరువు. నీకు తెలిసిన లెక్కే: మొత్తం 80,000 పౌండ్లు, డ్రైవ్ యాక్సిళ్ల (ఇంజన్ తిప్పే వెనక చక్రాల ఇరుసుల) మీద 34,000, ట్రైలర్ యాక్సిళ్ల మీద 34,000, మిగతాది ముందు చక్రాల మీద. వ్యాన్‌లో వెనక బరువు ఎక్కువైతే పిన్ను లాగి టాండెమ్‌లు, అంటే ట్రైలర్ జంట యాక్సిళ్లు జరుపుకునేవాడివి. చాలా హాపర్లలో ఆ సౌకర్యం ఉండదు, యాక్సిళ్లు బిగించేసి ఉంటాయి. గింజ ఎక్కడ పడిందో బరువూ అక్కడే. ముందు గరాటులో పోసినదాంట్లో ఎక్కువ భాగం డ్రైవ్ యాక్సిళ్ల మీద పడుతుంది, వెనక గరాటుది ట్రైలర్ యాక్సిళ్ల మీద పడుతుంది. అందుకే ఒకే చోట కుప్ప పోయించుకోకూడదు. ముందు కొంత, వెనక కొంత, మళ్లీ ముందు కొంత అని బండిని కొంచెం కొంచెం జరుపుతూ నింపుకోవాలి. సరిగ్గా ఎంతెంత అన్నది ట్రైలర్‌ను బట్టి మారుతుంది. ఆ బండిని నీకంటే ముందు తోలినవాడిని అడిగితే గోడ మీద ఏ రివెట్ వరకు పోయించుకోవాలో చూపిస్తాడు. చాలామంది లోపలి గోడ మీద మార్కర్‌తో గీతలు పెట్టుకుంటారు కూడా.

ఖాళీ బండి 26,000 పౌండ్లు ఉందనుకో. ఇంకా 54,000 పట్టొచ్చు. మక్కలు బుషెల్‌కు (ఇక్కడ గింజలు కొలిచే కొలత) 56 పౌండ్లు కాబట్టి దాదాపు 964 బుషెళ్లు. సోయా, గోధుమలు బుషెల్‌కు 60 కాబట్టి 900. కాగితం మీద ఇంత సులువే. చిక్కేమిటంటే 56 అనేది వ్యాపారం కోసం పెట్టుకున్న లెక్క. నిజంగా గింజ బరువు పొలం పొలానికీ మారుతుంది. బాగా పండిన మక్కలు అదే కొలతకు 58 తూగొచ్చు, ఎండదెబ్బ తిన్నవి 54 తూగొచ్చు. ట్రైలర్‌లో అదే గీత వరకు, 950 బుషెళ్లు పట్టే ఎత్తు పోయించుకున్నా, రెండింటికీ 3,800 పౌండ్ల తేడా వస్తుంది. నిన్నటి పొలంలో సరిపోయిన గీత ఇవాళ్టి పొలంలో నీకు జరిమానా టికెట్ తెచ్చిపెడుతుంది.

ఇంకో ఇబ్బంది, పొలంలో కాటా ఉండదు. ఎంత ఎక్కించావో తెలిసేది ఎలివేటర్‌కు చేరాక, అంటే అంత దూరం రోడ్డు మీద నడిపేశాక. కాబట్టి కొత్త పొలంలో మొదటి లోడు తక్కువగా పట్టుకెళ్లు. రైతు ‘ఇంకో రెండొందల బుషెళ్లు పడతాయి కదా’ అంటాడు. నవ్వి, ‘మొదటి కాటా చూశాక’ అను. కోత మిషన్ నుంచి గింజ తెచ్చి నీ బండిలో పోసే గ్రెయిన్ కార్టుల్లో చాలావాటికి ఇప్పుడు సొంత కాటా ఉంటోంది. ట్రాక్టర్‌లో ఉన్నవాడిని ఎన్ని పౌండ్లు పోశావని అడగడానికి మొహమాటపడకు. నీ ట్రక్కుకు ఎయిర్ సస్పెన్షన్ ఉంటే, బరువును బట్టి ముల్లు కదిలే ప్రెషర్ గేజ్ కూడా ఉండొచ్చు. ఒకసారి క్యాట్ స్కేల్ (డబ్బులిచ్చి ట్రక్కు తూచుకునే కాటా) మీద యాక్సిళ్ల వారీగా తూకం వేయించి, డ్రైవ్‌ల మీద 34,000 ఉన్నప్పుడు ఆ ముల్లు ఎక్కడుందో రాసి పెట్టుకో. బండి చదునైన నేల మీద, బ్రేకులు వదిలి ఉన్నప్పుడు చూడాలి. లేకపోతే ఆ గేజ్ నీకు అబద్ధం చెప్తుంది. డీజిల్ కూడా బరువే. గ్యాలన్‌కు ఏడు పౌండ్లు వేసుకున్నా 200 గ్యాలన్లంటే 1,400 పౌండ్లు, 25 బుషెళ్ల మక్కలు. దగ్గరి ట్రిప్పులకు ట్యాంకు నిండా కొట్టించడం గింజలు తోలేవాళ్లకు దండగ.

‘కోతల సీజన్‌లో ఎవరూ పట్టించుకోరు’ అని ఎవడో ఒకడు నీకు తప్పకుండా చెప్తాడు. నమ్మకు. కొన్ని రాష్ట్రాల్లో పంట కాలంలో బరువుకు సడలింపు ఇస్తారు, నిజమే. పక్కనున్న అయోవాలో గవర్నర్ ప్రకటన ఇచ్చినప్పుడు పర్మిట్ లేకుండా 90,000 పౌండ్ల వరకు అనుమతించిన సంవత్సరాలున్నాయి. కానీ అది ఇంటర్‌స్టేట్ హైవేల మీద చెల్లదు, యాక్సిల్ పరిమితులు వేరుగా ఉంటాయి, తేదీలు దాటితే చెల్లదు, రాష్ట్రం సరిహద్దు దాటినా చెల్లదు. సడలింపు ఉందో లేదో రాష్ట్ర రవాణా శాఖ సైట్‌లో నువ్వే చూసుకో. ఇక కౌంటీ రోడ్ల మీది చిన్న వంతెనలకు ఏ సడలింపూ వర్తించదనుకొని నడుపు. మూడు ట్రక్కుల బొమ్మలు వేసి పక్కన టన్నులు రాసిన బోర్డు కనబడితే అందులో నీ బండి బొమ్మ ఏదో చూసుకొని చదువు. ఫోన్‌లో మ్యాప్‌కు ఆ వంతెన సంగతి తెలియదు.

లోడుకు వెళ్లే ముందు ట్రైలర్ లోపల చూడాలి. వ్యాన్‌లో చీపురు పెట్టి ఊడ్చేస్తే అయిపోయేది. ఇక్కడ మూలల్లో, ట్రాప్ అంచుల్లో పాత గింజలు ఇరుక్కుంటాయి. సోయాలో నాలుగు మక్కలు పడితే పెద్ద నష్టం లేదు. మందు పట్టించిన విత్తనాలు, గులాబీ రంగులోనో పచ్చ రంగులోనో ఉంటాయి చూడు, అవి లోడులో కనబడితే ఎలివేటర్ మొత్తం లోడునే వెనక్కి పంపేస్తుంది. పశువుల దాణా తయారుచేసే మిల్లుల్లో, ఇంతకుముందు ఈ ట్రైలర్‌లో ఏమేం తోలావని అడుగుతారు. మాంసం, ఎముకల పొడి తోలిన బండిని కడగకుండా తెస్తే ఊరుకోరు. ఎరువు తోలితే కడిగించాల్సిందే, అది అల్యూమినియంను కూడా తినేస్తుంది. రోజూ ఒక చిన్న పుస్తకంలో ఏ తేదీన ఏం తోలావో రాసుకో. అడిగినప్పుడు తడబడకుండా చెప్పొచ్చు.

లోపల చూసి దిగాక, బండి చుట్టూ తిరిగి రెండు ట్రాప్‌లూ పూర్తిగా మూసి, లాక్ పడ్డాయో లేదో చేత్తో పట్టుకొని చూడు. నిన్న తనే మూశానన్న ధీమాతో చూడకుండా వచ్చినవాడి కింద మక్కల కుప్ప పడడం ప్రతి సీజన్‌లో ఎక్కడో ఒక చోట జరుగుతూనే ఉంటుంది. పొలంలో పడితే పార పట్టాలి. హైవే మీద ధారగా కారితే పోలీసు లైట్లు వెలుగుతాయి.

పొలం విషయానికి వస్తే, రైతు పిలిచిన చోటికల్లా వెళ్లకు. ముందు దిగి నడిచి చూడు. బూటు మడమ దిగబడే నేల మీద 80,000 పౌండ్ల బండి నిలబడదు. ఖాళీగా లోపలికి వెళ్లడం సులువే, నిండాక బయటికి రావడమే కష్టం. వీలైనంతవరకు రోడ్డు అంచునో, పొలం చివర గట్టిగా తొక్కిన చోటో ఆపి, కార్టునే నీ దగ్గరికి రమ్మను. కార్టు పక్కగా వచ్చి నిలబడే చోటు వదులు. కోసిన మక్క మోళ్లు టైర్లలో దిగేంత గట్టిగా ఉంటాయి, వాటి మీద మెలికలు తిరక్కు. ఎండిన మోళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. పొగగొట్టం ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకునే రీజెన్ మొదలైతే ఎగ్జాస్ట్ విపరీతంగా వేడెక్కి కింద ఎండుటాకు అంటుకోవచ్చు. రీజెన్‌ను ఆపి ఉంచే స్విచ్ నీ డాష్‌బోర్డులో ఎక్కడుందో పొలంలోకి వెళ్లకముందే తెలుసుకో. అగ్నిమాపక సిలిండర్ సీటు వెనక బట్టల కింద పెట్టకు.

‘మినిమమ్ మెయింటెనెన్స్ రోడ్’ అని బోర్డున్న మట్టిబాట నెబ్రాస్కాలో కావలసినన్ని చోట్ల కనబడుతుంది. వాన పడితే అటు వెళ్లనే వద్దు. అక్టోబరు దాకా నిలువెత్తు మక్కజొన్న ఉన్న మలుపుల దగ్గర, గేట్లు లేని రైలు క్రాసింగుల దగ్గర అటువైపు ఏముందో కనబడదు. అద్దం దించి, రేడియో ఆపి, చూసి, విని దాటు.

బిన్ (గింజ దాచే పెద్ద రేకు గాదె) నుంచి లోడు చేసేటప్పుడు రైతు ఆగర్, అంటే గింజను పైకి లాగి పోసే పొడవాటి గొట్టం పెడతాడు. ట్రాక్టర్ నుంచి దానికి తిరిగే పీటీఓ షాఫ్ట్ దగ్గరికి వెళ్లకు, దాని మీదుగా దాటకు. వేలాడే హుడీ తాళ్లు, విప్పుకున్న జాకెట్ దాని పక్కన పనికిరావు. ఆగర్‌ను ఎత్తి జరుపుతున్నారంటే తలెత్తి కరెంటు తీగలు చూడు. నీ బండి కాకపోయినా చూడు.

ఇక ఎలివేటర్. కొత్తవాళ్లకు చెమటలు పట్టేది ఇక్కడే, నిజానికి రెండు రోజుల్లో అలవాటయ్యేదీ ఇదే. వరుసలో నిలబడతావు. నీ వంతు వచ్చేసరికి టార్పాలిన్ తెరిచి ఉండాలి, పైనుంచి ప్రోబ్ దిగి గింజల నమూనా తీస్తుంది. టార్ప్ ఎక్కడ తెరవాలో కొన్ని చోట్ల బోర్డు ఉంటుంది, లేకపోతే ముందున్నవాడిని చూసి చెయ్యి. కాటా మీద ఆగి, లైటు మారేదాకా కదలకు. ప్రోబ్ ఇంకా గింజల్లో ఉండగా బండి కదిలిస్తే దాన్ని విరగ్గొడతావు, ఆ రోజు వరుసలో ఉన్న వాళ్లందరి తిట్లూ నీకే. నమూనాలో తేమ, గింజ బరువు, చెత్త, పాడైన గింజలు చూస్తారు. మక్కలకు మామూలుగా 15 శాతం తేమ, సోయాకు 13 శాతం. దాటితే తరుగు తీస్తారు, ఆరబెట్టే ఖర్చు కోస్తారు. మన మార్కెట్ యార్డులో తేమ మీటరు చుట్టూ జరిగే వాదన నువ్వు చిన్నప్పటి నుంచి చూసే ఉంటావు. ఇక్కడ ఆ వాదన నీది కాదు. చీటీ మీద ఏముంటే అది రైతుకు అందించు. లోడు వద్దన్నా, పురుగుందన్నా, వాసన వస్తోందన్నా అక్కడి నుంచి కదలకముందే రైతుకూ ఓనరుకూ ఫోన్ చెయ్యి. నీ అంతట నువ్వు ఇంకో ఎలివేటర్‌కు పోకు.

చీటీ దగ్గర కొత్తవాళ్లు పట్టించుకోని విషయం ఒకటుంది. గింజ ఎవరి పేరు మీద జమ కావాలో చెప్పాల్సింది నువ్వే. ఇక్కడా కౌలు ఉంది. ఒకే పొలం గింజ సగం భూమి ఓనరు పేరున, సగం సాగు చేసినవాడి పేరున పడొచ్చు. అదే రైతు పక్క పొలానికి వేరే ఓనరు ఉండొచ్చు. పొలం మారినప్పుడల్లా ‘ఇది ఎవరి పేరు మీద?’ అని అడిగి రాసుకో. తప్పు పేరు మీద జమ అయిన గింజను సరిచేయించడానికి వాళ్లకు నెలలు పట్టొచ్చు, నీ పేరు మాత్రం అదే రోజు చెడుతుంది. ఇంకో మాట, ఒక రైతుకు ఎకరాకు ఎంత వచ్చింది, ఎంతకు అమ్మాడు అన్నది ఇంకో రైతు దగ్గర నోరు జారకు. కాఫీ ఇచ్చి మరీ అడుగుతారు.

పిట్ దగ్గర ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్తాను. ముందు గరాటు ట్రాప్ సరిగ్గా ఇనుప జాలీ పైకి వచ్చేలా బండి ఆపుతావు. బ్రేకు వేస్తావు. కొన్ని చోట్ల ట్రాప్ వాళ్ల మనిషే తెరుస్తాడు, నిన్ను క్యాబ్ దిగవద్దంటారు. దిగనిస్తే హెల్మెట్, కళ్లద్దాలు, మెరిసే చొక్కా ఉండాలి. హ్యాండిల్ ఒక్కసారిగా తిప్పేయకు. అరచేయి వెడల్పు తెరిచి చూడు. గింజ జాలీలోంచి ఎంత వేగంగా దిగుతోందో గమనించి, దానికి తగ్గట్టు ఇంకొంచెం తెరువు. పిట్ మింగే వేగం కంటే నువ్వు ఎక్కువ వదిలితే కుప్ప ట్రాప్‌ను అంటేదాకా పెరుగుతుంది, తలుపు మళ్లీ మూయడానికి రాదు, బండి కదిలిస్తే ఆ కుప్ప యాక్సిళ్ల కిందకి ఈడ్చుకొస్తుంది. గింజ బరువు మీద హ్యాండిల్ ఎదురు తిరిగే అవకాశముంది, ముఖం దాని తోవలో పెట్టకు, తిప్పడం అయ్యాక దాన్ని తీసి చేతిలో పట్టుకో లేదా దాని స్థానంలో పెట్టెయ్. ముందుది ఖాళీ అయ్యాక మూసి, ముందుకు జరిగి, వెనకది తెరువు. ఆ కొద్ది అడుగులు కదిలేటప్పుడు డ్రైవ్ చక్రాల మీద బరువు తగ్గి ఉంటుంది. తడి కాంక్రీటు మీద జారతాయి, నెమ్మదిగా పోనివ్వు. అయిపోయాక పారతో చుట్టూ పడినవి జాలీలోకి తోసి వెళ్లు. ఇలాంటివి వాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

ఇప్పుడు ఈ ఉత్తరం మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకో. ట్రాప్ తెరిచి ఉన్నప్పుడు ట్రైలర్ లోపలికి దిగకు. తడి మక్కలు, ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే డిస్టిలర్స్ గ్రెయిన్, సోయా పిండి గోడకు అంటుకొని జారవు. కింద ఖాళీ అవుతుంది, పైన గడ్డలా నిలబడుతుంది. పార తీసుకొని దిగి పొడుద్దామనిపిస్తుంది, ఎందుకంటే వెనక ఇరవై బండ్లు ఆగి ఉంటాయి. కదిలే గింజలో చిక్కుకున్న మనిషి నాలుగైదు సెకన్లలోనే తనంతట తాను బయటపడలేని స్థితికి వస్తాడని భద్రతా శిక్షణల్లో చెప్తారు. నడుం దాకా కూరుకుపోతే ఇద్దరు పట్టి లాగినా రాడు. బయటినుంచి రబ్బరు సుత్తితో గోడ తట్టు, వైబ్రేటర్ ఉంటే పెట్టించు, బయట నిలబడి పొడవాటి కర్రతో పొడువు. వీలుకాకపోతే ఎలివేటర్ వాళ్లను పిలువు. వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టనివ్వు. ఎవరైనా చిక్కుకున్నట్టు చూస్తే ముందు ట్రాప్ మూయి, 911కు ఫోన్ చెయ్యి. తాడు కట్టి లాగొద్దు, నువ్వు దూకొద్దు. ఓనరు పిల్లలో, రైతు మనవళ్లో సరదాగా మక్కల మీద ఆడుకుంటామని ఎక్కితే దింపేదాకా ట్రాప్ ముట్టుకోకు.

సిగరెట్ అలవాటుంటే ఎలివేటర్ గేటు బయటే వదిలెయ్. ధాన్యం దుమ్ము మందుగుండులా పేలుతుందంటే నమ్మనివాళ్లుంటారు. 1977 డిసెంబరులో లూసియానాలోని వెస్ట్‌వీగోలో ఒక ఎలివేటర్ పేలి 36 మంది చనిపోయారు. ఐదు రోజులకే టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో ఇంకొకటి పేలింది. 1998లో కాన్సస్‌లోని హేస్‌విల్‌లో ఏడుగురు పోయారు. ఆ దుమ్ము నీ ఊపిరికీ మంచిది కాదు. బూజు పట్టిన గింజల దగ్గర ఎన్95 మాస్క్ పెట్టుకో. మక్కల నుంచి లేచే ఎర్రటి పలుచని పొట్టు మెడ మీద పడితే రాత్రంతా దురదే, ఇంటికి రాగానే స్నానం చేసి కానీ పిల్లల్ని ఎత్తుకోకు.

గాలి సంగతి నెబ్రాస్కాలో ఉండేవాడికి నేను చెప్పనక్కర్లేదు కానీ, ఖాళీ హాపర్ వ్యాన్ కంటే తేలికని మరిచిపోకు. ఖాళీగా వెళ్లేటప్పుడూ టార్ప్ మూసే ఉంచు. ఈదురుగాలిలో టార్ప్ తెరుస్తుంటే హ్యాండిల్ చేతిలోంచి వదలకు, అది తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. నిండు బండి బరువంతా ఎత్తులో ఉంటుంది. ర్యాంపు మీద బోర్డులో రాసిన వేగం కార్లది, నువ్వు దానికి పది తగ్గించు.

గంటల లెక్క గురించి నువ్వు అడగలేదు, కానీ ఓనరు చెప్తాడు: ‘మనకు లాగ్‌బుక్ లేదు’ అని. సగం నిజం. పంట కాలమని రాష్ట్రం నిర్ణయించిన రోజుల్లో, గింజ ఎక్కించిన చోటు నుంచి 150 ఎయిర్ మైళ్ల లోపల, అంటే తిన్నగా గీత గీస్తే సుమారు 172 మామూలు మైళ్ల లోపల, ఫెడరల్ డ్యూటీ గంటల నియమాలు వర్తించవు. ఆ గీత దాటిన క్షణం నుంచి నీ గడియారం మొదలవుతుంది, 11 గంటల డ్రైవింగ్, 14 గంటల పరిమితి అన్నీ వస్తాయి. లోపలున్నా సరే, నిద్రమత్తులో నడపడం నిబంధనలకు విరుద్ధమే. బరువు, బ్రేకులు, టైర్ల నియమాలకు ఈ మినహాయింపుతో సంబంధం లేదు. సీజన్‌లో రాత్రి పదింటికి ‘ఇంకొక్క లోడు’ అని రైతు అడుగుతాడు. పొద్దున ఐదింటికి లేచావు కాబట్టి వద్దని చెప్పడం నేర్చుకో. నిన్ను వదులుకోరు, సీజన్ మధ్యలో వాళ్లకు డ్రైవర్లు దొరకరు.

ఇక డబ్బులు. చేరేముందు ఓనరును ఇవి అడుగు, జవాబులు ఫోన్ మెసేజ్‌లోనైనా తీసుకో. బుషెల్‌కు ఇస్తారా, లోడు మైలుకు ఇస్తారా, వసూళ్లలో శాతమా? ఎలివేటర్ వరుసలో మూడు గంటలు నిలబడితే దానికి ఏమైనా ఉందా? ఇది చిన్న ప్రశ్న కాదు, కోతల్లో రోజులో పెద్ద భాగం వరుసలోనే పోతుంది. మైలుకు డబ్బులిచ్చే చోట ఆ గంటలు నీ నెత్తినే. ఓవర్‌వెయిట్ టికెట్ ఎవరు కట్టాలి? ఎంత పోయించుకోవాలో నిర్ణయించేది నువ్వైతే నువ్వే కట్టమనడంలో కొంత న్యాయముంది, కానీ ‘నిండా పోయించుకో’ అని చెప్పి టికెట్ నీకు అంటగట్టేవాడి దగ్గర చేరకు. క్యాట్ స్కేల్, ట్రైలర్ కడిగించిన ఖర్చు తిరిగి ఇస్తారా? జీతంలోంచి వాళ్లే పన్ను కోసే డబ్ల్యూ-2 ఉద్యోగమా, పన్ను నువ్వే కట్టుకునే 1099 కాంట్రాక్టా? బండి వాళ్లది, పని వేళలు వాళ్లవి, ఎక్కడికి వెళ్లాలో చెప్పేది వాళ్లు అయితే 1099 ఇవ్వడం సాధారణంగా సరికాదు. పన్నులు, ఇన్సూరెన్స్ భారం నీ మీదకు నెట్టే పద్ధతి అది. నవంబరులో కోతలయ్యాక పని ఉంటుందా? బిన్‌లలో దాచిన గింజ చలికాలమంతా కదులుతూ ఉంటుంది, ఇథనాల్ ఫ్యాక్టరీలు ఏడాదంతా కొంటాయి. ఓనరుకు అలాంటి కస్టమర్లు ఉన్నారో లేదో కనుక్కో.

ఇవన్నీ విన్నాక ట్రైలర్ కొనడం గురించి నా మాట నీకే అర్థమై ఉంటుంది. నీ ఫ్రెండ్ అన్నట్టు డబ్బులు మిగలవని నేననను. టింప్‌టీ, విల్సన్ లాంటి కంపెనీల ట్రైలర్లకు పాతబడ్డా మంచి ధరే పలుకుతుంది, అంటే కొనేటప్పుడు అంతే కట్టాలి. ట్రైలర్ ఉంటే సరిపోదు, గింజ కావాలి. గింజ దొరికేది రైతులు నిన్ను నమ్మితేనే, ఒక సీజన్ మొత్తం వాళ్ల కళ్లముందు తోలాకే ఆ నమ్మకం వస్తుంది. ఈ ఏడాది ఓనరు ట్రైలర్‌తో ఒక చలికాలం కూడా చూడు. ట్రాప్ గడ్డకట్టినప్పుడు, వసంతంలో ఉత్తరాది రాష్ట్రాలు మంచు కరిగే రోడ్లకు బరువు తగ్గించినప్పుడు ఆదాయం ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఆ తర్వాత కొందామనిపిస్తే మళ్లీ రాయి, లెక్కలు వేసుకుందాం.

మీ ఆవిడ వద్దంటోందంటే ఆమె తప్పేమీ లేదు. ‘రోజూ ఇంటికి వస్తాను’ అన్న మాటను ఆమె ఆరింటికి వస్తావని అనుకుని ఉంటుంది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా అది పదో, పదకొండో కావచ్చని, వాన పడితే రెండు రోజులు ఇంట్లోనే ఉంటావని ముందే చెప్పు. ఫోన్‌లో లొకేషన్ షేర్ చెయ్యి. కుదిరితే ఓనరును అడిగి ఆగస్టులోనే ఒకరోజు ఖాళీ బండి దగ్గరికి వెళ్లు. టార్ప్ తెరిచి మూయడం, రెండు ట్రాప్‌లూ తిప్పడం చేతికి అలవాటు చేసుకో. వాళ్ల డ్రైవర్‌తో పక్క సీట్లో కూర్చొని ఆ ఎలివేటర్‌కు ఒక ట్రిప్పు వెళ్లిరా. అప్పుడు వరుసలు ఉండవు, కాటా దగ్గరున్నవాళ్లకు నీ ప్రశ్నలకు జవాబు చెప్పే తీరిక ఉంటుంది. సెప్టెంబరులో ఉండదు.